తుంటి విరిగితే మంచమే గతా?

ప్రత్తిపాడు పేరులోనే పత్తి వుంది. గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో యీ ఊరికి అటూ ఇటూ వున్నదంతా నల్లరేగడి. పత్తి, మిరప పండే నేల. ఇక్కడ కలుపు తీతకైనా, పత్తి తీతకైనా, మిరప కోతకైనా పొద్దు పొడిచింది మొదలు వంగి వుండేది ఎక్కువగా ఆడకూలీల నడుములే. యాభై యేళ్ళు అలా వంగిన మనిషి అరవై, డెబ్బై యేళ్ళు వచ్చాక ఒకనాడు పడిపోతుంది. చెట్టు మీద నుంచో మిద్దె మీద నుంచో కాదు. నీళ్ళ బిందె దించబోయి, చీకట్లో దొడ్డికి పోబోయి, వానకు బంకగా మారిన రేగడి మట్టిలో కాలు జారి, కళ్ళంలో పట్టా అంచు తట్టుకుని పడుతుంది. మళ్ళీ లేవలేదు.

తర్వాత జరిగేది పల్లెల్లో అందరికీ తెలిసిన కథే. నలుగురు పట్టి మంచం మీద పడుకోబెడతారు. ఎవరో కాలు లాగి చూస్తారు. ఎవరో నూనె పెట్టి మర్దనా చేస్తారు. నొప్పి తగ్గడానికి ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తాడు. నాలుగు రోజులు చూసి, "పెద్ద ప్రాణం, ముసలి ఎముక అతుకుతుందా?" అనేస్తారు. నెల తిరిగేసరికి వీపున, పిరుదుల మీద పుండ్లు పడతాయి. దగ్గు, జ్వరం, ఆయాసం. కొన్నాళ్ళకు ప్రాణం పోతుంది. "వయసు మీరి పోయింది" అంటారు.

వయసు మీరి పోలేదు. వైద్యం అందక పోయింది. ఈ రెండు మాటలకూ చాలా దూరం వుంది. తుంటి విరగడం తలరాత కాదు, చికిత్స వున్న దెబ్బ. ఆ చికిత్స యేమిటో, ఎన్ని గంటల్లో జరగాలో, అది మనదాకా ఎందుకు రావడం లేదో ప్రతి వ్యవసాయ కార్మిక కుటుంబమూ తెలుసుకోవలసి వుంది.

విరిగేది యేమిటి?

తొడ ఎముక పై కొస బంతిలా గుండ్రంగా వుంటుంది. ఆ బంతి కటి ఎముకలోని గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంటే మనం నడుస్తాం, కూర్చుంటాం, వంగుతాం. బంతికీ కింది ఎముకకూ మధ్య మెడలాంటి సన్నని భాగం వుంది. ముసలివారు పడినప్పుడు విరిగేది సాధారణంగా యీ మెడ దగ్గరో, దానికి కాస్త కిందనో.

ఈ రెంటికీ తేడా వుంది. మెడ విరిగితే బంతికి నెత్తురు తీసుకుపోయే సన్న నాళాలు తెగిపోతాయి. పోషణ అందని బంతి సరిగా అతుక్కోదు. కొన్నాళ్ళకు చచ్చుబడి అణగిపోవచ్చు. అందుకని ముసలివారిలో ఎక్కువగా ఆ బంతిని తీసివేసి దాని స్థానంలో లోహపు బంతిని అమరుస్తారు. మెడకు కింద విరిగితే నెత్తురు అందుతుంది గనుక ఎముక అతుక్కుంటుంది. కాని బిగించకుండా వదిలేస్తే వంకరగా అతుక్కుని కాలు పొట్టిదవుతుంది, అతుక్కునేదాకా వారాల తరబడి మంచమే. ఇక్కడ స్క్రూతో కూడిన ప్లేటుగాని, ఎముక బోలులో దూర్చే రాడ్డుగాని వేసి బిగిస్తారు.

గుర్తులు కష్టమైనవి కావు. విరిగిన కాలు రెండోదానికంటే పొట్టిగా కనబడుతుంది. పాదం బయటివైపు వాలిపోతుంది. పడుకున్న మనిషి మడమ పైకెత్తలేదు. నొప్పి గజ్జల్లో వుంటుంది. ఒక్కోసారి మోకాలి దగ్గర తెలుస్తుంది. అందువల్ల మోకాలికి మాత్రమే ఎక్స్‌రే తీసి ఏమీ లేదని పంపించే ప్రమాదం వుంది. విరిగిన ఎముక ఒకదానిలో ఒకటి గుచ్చుకుని నిలిచిపోతే మనిషి కుంటుతూ నాలుగడుగులు వేయనూ వచ్చు. "నడిచిందిగా, విరగలేదులే" అనుకోవడం తప్పు. ముసలి మనిషి పడి గజ్జల్లో నొప్పి అంటే తుంటికి ఎక్స్‌రే తీయవలసిందే.

చంపేది ఎముక కాదు, మంచం

ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. విరిగిన తుంటి తనంతట తాను మనిషిని చంపడం అరుదు. చంపేది కదలిక లేని మంచం. కదలని ఒంటికి ఒత్తిడి పుండ్లు పడతాయి. వెల్లకిలా పడుకున్న మనిషి ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. మూత్రానికి లేవడం కష్టమని నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. దాంతో మూత్రంలో చీము, ఒంట్లో నీరసం. కాలి నరాల్లో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తుల్లోకి పోయి క్షణాల్లో ప్రాణం తీయవచ్చు. నొప్పికీ జ్వరానికీ మతి తప్పి మాట్లాడితే "సంధి పుట్టింది" అని ఆశ వదులుకుంటారు.

ఆపరేషను సకాలంలో జరిగే సంపన్న దేశాల్లోనే తుంటి విరిగిన వృద్ధుల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరు, కొన్ని చోట్ల నలుగురిలో ఒకరు యేడాది లోపల చనిపోతున్నారు. అక్కడే అలా వుంటే, ఆపరేషనే లేకుండా నులక మంచానికి అప్పగించిన మనిషి గతి యేమిటో వేరే చెప్పాలా?

కాబట్టి ఆపరేషను వుద్దేశం ఎముకను అందంగా అతికించడం కాదు. మనిషిని మంచం నుంచి లేపడం. ఎంత త్వరగా లేపితే అన్ని ప్రమాదాలు తగ్గుతాయి.

నూరేళ్ళనాటి వైద్యం

ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టిన విద్య కాదు. 1925లోనే అమెరికాలోని బోస్టన్‌లో స్మిత్ పీటర్సన్ అనే డాక్టరు మూడు రెక్కల మేకును వాడి విరిగిన తుంటి మెడను బిగించాడు. 1940లో అదే దేశంలోని సౌత్ కరోలినాలో ఆస్టిన్ మూర్ తుంటిలో లోహపు బంతిని అమర్చాడు. ఆయన పేరు మీద వచ్చిన బంతిని మన దేశంలో కూడా దశాబ్దాలుగా వేస్తూనే వున్నారు. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. అంటే ప్రత్తిపాడుకు పాతిక కిలోమీటర్ల లోపునే పెద్దాసుపత్రి వుంది. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. విద్య వున్నది, డాక్టర్లు వున్నారు, దారి వున్నది. మరి పల్లెలో ముసలమ్మ మంచానే ఎందుకు పోతున్నది?

వైద్యం వుండడం వేరు, వేళకు అందడం వేరు. చాలా దేశాల వైద్య నియమాల ప్రకారం తుంటి విరిగిన మనిషికి ఆసుపత్రిలో చేరిన రోజునో మరునాడో, ఎట్టి పరిస్థితుల్లోనూ 48 గంటల లోపున, ఆపరేషను జరగాలి. ఇంగ్లండ్‌లో ఏం చేశారో చూడండి. 2007 నుంచి తుంటి విరిగిన వృద్ధుల కేసులను జాతీయ పట్టికలో నమోదు చేయడం మొదలుపెట్టారు. ఎప్పుడు చేరారు, ఎన్ని గంటలకు ఆపరేషను అయింది, నెల తర్వాత బతికి వున్నారా అన్నవి రాశారు. 2010 నుంచి 36 గంటల లోపున ఆపరేషను చేసి, వృద్ధుల వైద్యుడి చేత కూడా చూపించిన ఆసుపత్రికి అదనంగా సొమ్ము ఇచ్చారు. 2007లో నూటికి 10.9గా వున్న నెల లోపు మరణాలు 2011 నాటికి 8.5కు తగ్గాయి. కొత్త మందు కనిపెట్టలేదు. లెక్క రాశారు, గడువు పెట్టారు. అంతే.

ఇంకా తొందరగా చేస్తే ఏమవుతుందన్న పరీక్ష కూడా జరిగింది. మన దేశంతో సహా 17 దేశాల్లోని 69 ఆసుపత్రుల్లో 2,970 మంది మీద జరిగిన ఆ పరిశీలన 2020లో వెలువడింది. గుర్తించిన ఆరు గంటల్లో ఆపరేషను చేసినవారినీ, ఒక రోజు పట్టినవారినీ పోల్చి చూశారు. మరణాల్లో తేడా కనబడలేదు. కాని తొందరగా చేసినవారు తొందరగా లేచి నిలబడ్డారు. మతి తప్పడం తగ్గింది. అక్కడ పోటీ ఆరు గంటలకూ ఇరవై నాలుగు గంటలకూ మధ్య. మన దగ్గర పోటీ వారానికీ నెలకూ మధ్య, లేదా ఆపరేషనుకూ పాడెకూ మధ్య.

ఎముకను పిండి చేసిందెవరు?

ముసలితనంలో ఎముకలు గుల్లబారడం అన్ని దేశాల్లోనూ వున్నదే. కాని మన దేశంలో యీ విరుగుళ్ళు పశ్చిమ దేశాలకంటే పదేళ్ళో అంతకుమించో ముందే వస్తున్నాయని వైద్యులు చెబుతున్నారు. ఎందుకని?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం తక్కువ ఆదాయ వర్గాలకు చెందిన 289 మంది స్త్రీలను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించింది. వారి వయసు 30 నుంచి 60 యేళ్ళు. ముసలివాళ్ళు కారు, కష్టం చేసుకునే వయసువాళ్ళు. వారిలో నూటికి 29 మందికి తుంటి మెడ దగ్గర ఎముక గుల్లబారి వున్నది. వారి తిండిలో రోజుకు అందుతున్న కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజుకు 1,000 మిల్లీగ్రాములు కావాలని అదే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో నిర్ణయించాయి. అంటే కావలసినదాంట్లో మూడో వంతు కూడా అందలేదన్న మాట.

"ఎండలో పని చేసేవాళ్ళకు ఎముక గట్టిగా వుంటుంది" అనే మాట వింటుంటాం. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ డాక్టర్లు చేసిన పరిశీలనల్లో ఎండలో తిరిగే పల్లె జనానికి పట్నవాసులకంటే విటమిన్ డి మెరుగ్గానే వున్నట్టు తేలింది. కాని కాల్షియం మాత్రం పల్లెలోనూ పట్నంలోనూ తక్కువే. ఎండ పుష్కలంగా వుంది. కంచంలోనే లోటు.

ఆ కంచం ఎలా మారిందో పెద్దవాళ్ళకు తెలుసు. జొన్న సంకటి, రాగి అంబలి, సజ్జ రొట్టె తిన్న ఇళ్ళలో చౌకడిపో బియ్యమే మూడు పూటలా ఆధారమైంది. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం వుంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా వుండదు. మెట్ట చేలు పత్తికీ మిరపకూ మారాక తిండిగింజలు కొనుక్కోవలసినవయ్యాయి. గేదె వున్న ఇంట్లో కూడా పాలు కేంద్రానికి పోతాయి, అప్పు వాయిదాకు పోతాయి. బిడ్డల్ని కని, పాలిచ్చి, కూలికి పోయే తల్లి ఒంట్లోని ఎముకే కరిగి లోటు పూడ్చుకుంటుంది. ముసలితనంలో విరిగేది ఆ ఎముకే.

మన రాష్ట్రానికి సంబంధించి ఇంకొక కారణం కూడా వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 యేళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.3 అయితే ఆంధ్రప్రదేశ్‌లో 8.7. అంతకుముందు 2015-16 సర్వేలోనూ మన రాష్ట్రానిదే పై స్థానం. తెల్లబట్టకూ, నడుం నొప్పికీ, కూలి పోతుందన్న భయానికీ ముప్పై దాటగానే గర్భసంచి తీయించుకుంటున్న పరిస్థితి మన పల్లెల్లో వుంది. దాంతోపాటు అండాశయాలు కూడా తీసివేస్తే ఎముకను కాపాడే హార్మోను ఆ రోజుతోనే ఆగిపోతుంది. యాభై యేళ్ళకు మొదలు కావలసిన అరుగుదల ముప్పై అయిదుకే మొదలవుతుంది. అప్పటి కోతకు అసలు వెల అరవయ్యో యేట తెలుస్తుంది.

పాత ప్రకాశం జిల్లాలో కనిగిరి వైపు ఫ్లోరైడు నీళ్ళ బాధ వున్నది. ఫ్లోరైడు పేరుకున్న ఎముక ఎక్స్‌రేలో దట్టంగా కనబడుతుంది, కాని పెళుసుగా వుంటుంది. ఎముక గుల్లబారినవారికి ఫ్లోరైడును మందుగా ఇచ్చి చూసిన అమెరికా పరిశీలన ఒకటి 1990లో వచ్చింది. ఎముక దట్టమైంది గాని విరుగుళ్ళు తగ్గలేదు. వెన్ను తప్ప మిగతా చోట్ల పెరిగాయి కూడా. దట్టమైనదల్లా గట్టిది కాదు.

ఆలస్యం ఎక్కడ?

మొదటి ఆలస్యం ఇంట్లో. "చూద్దాం, నాలుగు రోజులకు తగ్గుతుందేమో" అనడం. దీని వెనుక నిర్లక్ష్యమే వున్నదనుకోవడం అన్యాయం. కోతల రోజుల్లో ఆసుపత్రికి తోడు పోవడమంటే ఇద్దరి కూలి పోవడం. మిరప కోతకు కర్నూలు జిల్లా నుంచి వలస వచ్చిన కుటుంబాల్లోనైతే చూసే దిక్కే వుండదు. కార్డు ఒక ఊళ్ళో, మనిషి ఇంకో ఊళ్ళో.

రెండో ఆలస్యం కట్ల దగ్గర. ఎముక విరిగితే కట్టు కట్టించడం మనకు తరతరాల అలవాటు. పుత్తూరు దగ్గర రాచపాలెం కట్టు దక్షిణాది అంతా పేరు పొందింది. కట్టు వైద్యాన్ని చులకన చేయనక్కరలేదు. కదలకుండా పట్టి వుంచితే అతుక్కునే ఎముకలకు బద్దకట్టు పనికొచ్చే సందర్భాలు వున్నాయి. కాని తుంటి సంగతి వేరు. అది దట్టమైన కండల లోతున వున్న కీలు. పైనుంచి ఎన్ని బద్దలు కట్టినా లోపలి విరుగుడు కదలకుండా ఆగదు. తెగిన నాళాలకు నెత్తురు రాదు. ముంజేతికి పనికొచ్చింది గదా అని తుంటికి కట్టిస్తే పోయేది విలువైన కాలం.

మూడో ఆలస్యం డబ్బు దగ్గర. ప్రైవేటు ఆసుపత్రి గడప తొక్కగానే ముందు బయానా. నగలు, గేదె, అరెకరం, ఏది వుంటే అది తాకట్టు. ఇది మన ఒక్క ప్రాంతపు బాధ కాదు. ప్రపంచంలో 500 కోట్ల మందికి సురక్షితమైన ఆపరేషను అందుబాటులో లేదనీ, ఆపరేషను ఖర్చుల వల్లనే యేటా 3.3 కోట్ల మంది కుప్పకూలుతున్నారనీ 2015లో లాన్సెట్ సంఘం లెక్క కట్టింది. ప్రపంచంలో జరిగే ఆపరేషన్లలో అతి బీద దేశాలకు దక్కేది నూటికి ఆరే.

నాలుగో ఆలస్యం ఆసుపత్రి లోపల. మంచం దొరకాలి, గుండె పరీక్ష కావాలి, నెత్తురు సమకూరాలి, పథకం అనుమతి రావాలి, లోహపు బంతి సరఫరా కావాలి, ఆపరేషను గదిలో వంతు రావాలి. ప్రమాదంలో దెబ్బ తిన్న కుర్రవాడి వంతు ముందు, ముసలమ్మ వంతు వెనుక. ఢిల్లీ ఆసుపత్రుల్లో జరిపి 2017లో ప్రచురించిన పరిశీలన కూడా ఆసుపత్రికి చేరడంలోనూ, చేరాక ఆపరేషను జరగడంలోనూ, రెండు చోట్లా ఆలస్యాలను ఎత్తి చూపింది. ఏ ఒక్క డాక్టరు మీదనో, కాంపౌండరు మీదనో నెపం వేసి సరిపెట్టుకునే విషయం కాదిది. గంటలు లెక్కపెట్టే బాధ్యత ఎవరిదీ కాకపోవడమే అసలు జబ్బు.

పడిన రోజున చేయవలసినవి

కాలు లాగవద్దు, మర్దనా చేయవద్దు, నిలబెట్టి నడిపించవద్దు. రెండు కాళ్ళ మధ్య దిండుగాని మడిచిన దుప్పటిగాని పెట్టి, రెండు కాళ్ళనూ కలిపి వదులుగా గుడ్డతో కట్టాలి. తలుపు చెక్క మీదనో మంచం మీదనో కదలకుండా మోయాలి. ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవడం నరకం. 108కి ఫోను చేయాలి. 2005 నుంచి నడుస్తున్న ఉచిత వాహనమది.

రేషను కార్డు, ఆధార్, ఆరోగ్య పథకం కార్డు, రోజూ వేసుకునే మాత్రల చీటీ వెంట తీసుకుపోవాలి. నెత్తురు పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్న పథకంలో ఎముకల ఆపరేషన్లు వున్నాయి. మన కేసు ఏ పద్దులో వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. 70 యేళ్ళు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద యేడాదికి 5 లక్షల రూపాయల దాకా వైద్యం వర్తిస్తుందని కేంద్రం 2024 అక్టోబరులో ప్రకటించి అమలు మొదలుపెట్టింది. ఇది దయ కాదు, హక్కు. అడగనివారికి అందదు గనుక అడగాలి.

కూలీలు అడిగే ప్రశ్నలు

"మా అమ్మకు డెబ్బై యెనిమిది. బీపీ, షుగరు వున్నాయి. మత్తు తట్టుకుంటుందా అన్నా?"

చాలా కేసుల్లో నడుముకు సూది వేసి కింది భాగాన్నే తిమ్మిరి ఎక్కిస్తారు. బీపీ, షుగరు వున్నంత మాత్రాన ఆపరేషను చేయరాదని కాదు. వాటిని అదుపులో పెట్టి చేస్తారు. ప్రమాదం లేదని ఎవరూ అనరు. కాని ఆపరేషను లేని మంచంలో ప్రమాదం అంతకంటే ఎక్కువ.

"బరువు కట్టి పడుకోబెడితే చాలదా డాక్టరు గారూ?"

కాలికి ఇసుక సంచులు వేలాడదీసి వారాల తరబడి పడుకోబెట్టడం వేరే దారి లేనినాటి పద్ధతి. మెడ విరిగితే దానివల్ల అతకదు. కింద విరిగితే అతకవచ్చు గాని ఈలోగా మంచం తన పని తాను చేస్తుంది. ఆపరేషనుకు ముందు బరువు కట్టినందువల్ల నొప్పి తగ్గుతుందన్నదానికి కూడా పరిశీలనల్లో రుజువు దొరకలేదు.

"ఆపరేషను అయ్యాక మా అత్త ఎన్నాళ్ళకు లేస్తుంది?"

మరునాడే కూర్చోబెట్టి, వాకరు పట్టించి నిలబెట్టాలి. "కుట్లు మానేదాకా కదిలించవద్దు" అనుకుంటే ఆపరేషను చేయించిన ఫలితం సగం పోతుంది. బంతి మార్చినవారు డాక్టరు చెప్పేదాకా గొంతుకు కూర్చోకూడదు, బాసింపట్టు వేయకూడదు. దొడ్డికి కమోడు కుర్చీ వాడాలి. కొనలేకపోతే పాత కుర్చీకి మధ్యలో చెక్క కోసి చేయించుకోవచ్చు.

"రెండో కాలు కూడా విరుగుతుందా?"

విరగవచ్చు. ఒకసారి విరిగిన మనిషికి మళ్ళీ విరిగే ప్రమాదం ఎక్కువ. అందుకే కాల్షియం, విటమిన్ డితో పాటు ఎముకను గట్టిపరిచే మందు అడగాలి. తుంటి ఆపరేషను అయిన మూడు నెలల లోపున యేడాదికొక సూది చొప్పున జోలెడ్రానిక్ ఆమ్లం ఇచ్చినవారిలో కొత్త విరుగుళ్ళు నూటికి 35 వంతులూ, మరణాలు 28 వంతులూ తగ్గినట్టు 2007లో తేలింది. మూత్రపిండాలు చూసి ఇవ్వవలసిన మందు గనుక డాక్టరే నిర్ణయించాలి. కళ్ళలో శుక్లాలు వుంటే తీయించాలి. దొడ్డి దారిలో దీపం, పట్టుకోవడానికి ఒక వాసం, జారని చెప్పులు. చిన్నవిగా కనబడినా పడకుండా ఆపేవి ఇవే.

ఆపరేషను కుదరకపోతే

గుండె జబ్బు తీవ్రమై ఆపరేషనుకు డాక్టర్లే వద్దన్న సందర్భాలు వుంటాయి. అప్పుడు కూడా మనిషిని వదిలేయకూడదు. నొప్పికి సరిపడా మందు ఇవ్వాలి. రెండు గంటలకొకసారి ఒత్తిగిలించాలి. మడమల కింద, పిరుదుల కింద మెత్తలు పెట్టాలి. పక్క తడిగా వుండనీయరాదు. వీపుకు దిండ్లు ఆనించి రోజుకు చాలాసార్లు కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి తీయించాలి. నీళ్ళు, మజ్జిగ, గుడ్డు, పప్పు మానిపించరాదు. "తింటే దొడ్డికి పోవలసి వస్తుంది" అని ముసలివాళ్ళే తినడం మానేస్తారు. ఆ సిగ్గు తీసేది మన మాటే. "నువ్వు మాకు చేయలేదా అమ్మా, మేం చేయకూడదా?" అన్న ఒక్క మాట మందుకంటే ఎక్కువ పని చేస్తుంది.

ఈ చాకిరీ అంతా ఇంట్లో ఎవరి మీద పడుతుంది? కోడలి మీదనో కూతురి మీదనో. ఆమె కూలి ఆగిపోతుంది. తుంటి విరిగింది ఒకరికి, నడుం విరిగేది ఇద్దరికి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, పక్షవాతం వల్లనో ప్రమాదం వల్లనో మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమైనవారికి 15,000 రూపాయలు చేశారు. ఆ కోవలోకి వచ్చేవారు వైద్య ధ్రువపత్రంతో దరఖాస్తు పెట్టుకోవాలి. కాని మంచాన పడ్డాక ఇచ్చే సొమ్ముకంటే మంచాన పడకుండా చేసే ఆపరేషను ఖజానాకు కూడా చౌక అని ఎవరైనా లెక్క వేశారా?

అడగవలసినవి

ప్రపంచంలో 1990లో 16.6 లక్షల తుంటి విరుగుళ్ళు జరిగాయనీ, 2050 నాటికి అవి 62.6 లక్షలకు చేరవచ్చనీ, అందులో సగం ఆసియాలోనే వుంటాయనీ 1992లోనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. మందుల ధరల అధికార సంస్థ 2017 ఆగస్టులో మోకాలి కీళ్ళ పరికరాలకు గరిష్ఠ ధర కట్టింది. ఆ ఉత్తర్వులో తుంటి బంతి లేదు. వియత్నాం యుద్ధంలో పనిచేసిన లూయిస్ జర్కిల్ అనే అమెరికన్ డాక్టరు 1999లో సైన్ అనే సంస్థ పెట్టి, ఆపరేషను గదిలో ఖరీదైన ఎక్స్‌రే యంత్రం లేకున్నా వేయగల రాడ్లను తయారు చేయించి బీద దేశాల ఆసుపత్రులకు ఉచితంగా పంపే ఏర్పాటు చేశాడు. ఒక స్వచ్ఛంద సంస్థ చేయగలిగిన పని ప్రభుత్వాలకు అసాధ్యమా? అందుచేత గ్రామసభల్లోనూ, ఆసుపత్రి అభివృద్ధి సంఘాల్లోనూ, అధికారుల ముందూ యీ కోర్కెలు పెట్టవలసి వుంది:

1. తుంటి విరిగిన ప్రతి వృద్ధుని పేరూ, చేరిన గంటా, ఆపరేషను గంటా నమోదు చేయాలి. 48 గంటలు దాటితే కారణం రాయాలి. ఆ పట్టికను నెలనెలా ప్రకటించాలి.

2. బంతులు, స్క్రూలు, రాడ్లు ప్రభుత్వాసుపత్రిలో ఎప్పుడూ నిలవ వుండాలి. రోగి బంధువుల చేత బయట కొనిపించరాదు. తుంటి పరికరాలకు కూడా గరిష్ఠ ధర కట్టాలి.

3. వలస కూలీలకు, కార్డు చేతిలో లేదన్న కారణంతో, వైద్యం ఆపరాదు.

4. ఇంటికి పంపేటప్పుడు వాకరు, కమోడు కుర్చీ ఉచితంగా ఇవ్వాలి. ఊళ్ళో ఆశా కార్యకర్త, నర్సు వారానికోసారి వచ్చి పుండ్లు, నడక చూడాలి. ఆ పనికి వారికి అదనపు వేతనం ఇవ్వాలి.

5. చౌకడిపోల్లో రాగులు, జొన్నలు క్రమం తప్పక ఇవ్వాలి. ఎముకలకు మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరకాలి.

6. చిన్న వయసులో గర్భసంచి తీసిన ప్రతి ఆపరేషనునూ తనిఖీ చేయాలి. తీయించుకున్న స్త్రీలకు ఎముక పరీక్ష ఉచితంగా జరపాలి.

వ్యవసాయ కార్మిక సంఘం కార్యకర్తలు తమ ఊళ్ళో ఇప్పుడే ఒక పని మొదలుపెట్టవచ్చు. గత రెండేళ్ళలో తుంటి విరిగి మంచాన పడినవారెందరు, వారిలో ఆపరేషను అయినవారెందరు, ఎన్ని రోజులకు అయింది, బతికి నడుస్తున్నవారెందరు అని పేటపేటా తిరిగి రాసుకోండి. ఒక నోటుపుస్తకం చాలు. రాయని చావుకు లెక్క లేదు, లెక్క లేని చావుకు జవాబు చెప్పేవారుండరు. ఆ పుస్తకం పట్టుకుని పెద్దాసుపత్రికి పోయిననాడు "వయసు మీరి పోయింది" అన్న మాట చెల్లదు.